బెంగళూరు ట్రస్టుకు విదేశీ గ్రాంటు: దరఖాస్తుకు ముందే చూసుకోవాల్సినవి

మారతహళ్లిలో మనవాళ్లు నడిపే చిన్న ట్రస్టయినా సరే, విదేశీ గ్రాంటు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సంస్థ పెట్టి మూడేళ్లు నిండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చయి ఉండాలి. అంత లేకపోతే, దాత ఇచ్చిన హామీ పత్రం జతచేసి ఆ ఒక్క ప్రాజెక్టుకే ఎఫ్‌సీ-3బీ ఫారంలో ముందస్తు అనుమతి అడగొచ్చు. డబ్బు మొదట పడాల్సింది ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే. ఇక్కడి ఖాతాకు తర్వాత మళ్లించుకోవచ్చు.

చాలామంది బోల్తా పడేది బడ్జెట్ దగ్గర. ఆఫీసు అద్దె, అకౌంటెంటు జీతం లాంటి పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. 2020 సవరణకు ముందు 50 ఉండేది, కాబట్టి పాత నమూనాలు కాపీ కొట్టకండి. గ్రాంటులో కొంత ఊళ్లోని వేరే సంస్థకు ఇస్తామని అసలే రాయకండి, అది నిషేధం. విదేశీ నిధుల లెక్కలు చూపే ఎఫ్‌సీ-4 వార్షిక రిటర్ను డిసెంబరు 31లోగా వేయాలి, పైసా రాని ఏడాది కూడా.