వార్డులో ఆపద వేళ – 3వ పాఠం: ఊపిరి లెక్క

గత పాఠంలో క్రాష్ కార్ట్, అంటే అత్యవసర మందులు, పరికరాలుండే బండి, సర్దుకున్నాం. గొంతులోకి చూసి ఊపిరి గొట్టం వేయడానికి వాడే లారింగోస్కోప్ లైటు వెలుగుతోందా లేదా అని షిఫ్ట్ షిఫ్ట్‌కీ చూడమన్నాను. ఈసారి కోడ్ బ్లూ దాకా, అంటే గుండె ఆగి అత్యవసర బృందాన్ని పిలిచే దాకా, పోకుండా ఆపే పని నేర్చుకుందాం. దీనికి సెకన్ల ముల్లున్న వాచీ చాలు.

వార్డులో గుండె ఆగడం చాలాసార్లు ఉన్నట్టుండి జరగదు. కొన్ని గంటల ముందు నుంచే ఒళ్లు చెబుతూ ఉంటుంది. తరచుగా అన్నిటికన్నా ముందు మారేది ఊపిరి. మనం సరిగా లెక్కపెట్టనిదీ అదే. బీపీకి మిషన్ ఉంది, శాచురేషన్‌కి, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతానికి, వేలి క్లిప్ ఉంది. ఊపిరికి మాత్రం బెడ్ పక్కన ఒక నిమిషం నిలబడాలి. ముప్పై మంది పేషెంట్లకు ఇద్దరు సిస్టర్లున్న నైట్ డ్యూటీలో ఆ నిమిషం దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను, ఎందుకో చెబుతాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. తిరుపతిలోనే ఒక ఆసుపత్రి. అలిపిరి మెట్లెక్కి దర్శనం చేసుకొచ్చిన పెద్దాయన జ్వరంతో చేరారు. రాత్రి పదింటికి, మళ్లీ రెండింటికి కేస్ షీట్‌లో ఊపిరి 20 అని రాశాను. లెక్కపెట్టలేదు. ఆ వరసలో అన్ని షీట్లలోనూ 20 అనే ఉంది. ఆయన భార్య రెండుసార్లు వచ్చి తమిళంలో "మూచ్చు వాంగుదు" (ఆయాసం వస్తోంది) అంది. మెట్లెక్కిన ఆయాసం, తగ్గిపోతుందిలే అమ్మా అన్నాను. నాలుగున్నరకు కోడ్ బ్లూ పిలిచాం. ఆయన దక్కలేదు.

ఇక లెక్కపెట్టే పద్ధతి. పల్స్ చూస్తున్నట్టు చెయ్యి పట్టుకోండి. ఊపిరి లెక్కిస్తున్నారని తెలిస్తే పేషెంట్ తెలియకుండానే ఊపిరి తీరు మారుస్తారు. దుప్పటి కాస్త దించి ఛాతీ చూడండి, పైకి లేచి దిగితే ఒకటి. నిమిషం పూర్తిగా చూడాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే, ఒక్క ఊపిరి తప్పినా లెక్క నాలుగు తేడా వస్తుంది.

ఆ నాలుగు ఎంత ముఖ్యమో చూడండి. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన 'న్యూస్' పట్టిక పేషెంట్ పరిస్థితికి మార్కులు వేస్తుంది, మార్కులు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు. అందులో నిమిషానికి ఊపిరి 12 నుంచి 20 ఉంటే సున్నా, 21 నుంచి 24 ఉంటే 2, 25 లేదా పైన ఉంటే 3. మరీ తగ్గినా ప్రమాదమే, 8 లేదా కింద ఉంటే 3. ఒక్క అంశంలోనే 3 వస్తే డాక్టర్‌ని పిలవాల్సిందే. పదహారేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఈ పట్టిక వాడకండి.

పిలిచేటప్పుడు "సార్, పద్నాలుగో బెడ్ బాగాలేదు" అంటే నిద్రలో ఉన్న డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పి చూడండి:

"సార్, మేల్ మెడికల్ వార్డు స్టాఫ్ నర్స్‌ని. పద్నాలుగో బెడ్, 62 ఏళ్లు, నిన్న జ్వరంతో అడ్మిట్ అయ్యారు. ఊపిరి పదింటికి 18, ఇప్పుడు 28. శాచురేషన్ 91. ఇన్ఫెక్షన్ ముదురుతోందని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి. ఈలోపు ఆక్సిజన్ పెట్టమంటారా?"

ఎందుకు పిలిచారో, పేషెంట్ ఎవరో, మీ అనుమానం ఏమిటో, ఏం కావాలో అన్నీ అర నిమిషంలో అయిపోయాయి. డాక్టర్ చెప్పింది తిరిగి చదివి వినిపించండి. ఆయన రాకపోతే పై డాక్టర్‌కి ఫోన్ చేయండి. అది చాడీ కాదు, డ్యూటీ.

అటెండర్ల, అంటే పేషెంట్ వెంట వచ్చినవాళ్ల, మాట కూడా కేస్ షీట్‌లో రాయండి. "మా నాయన తిక్కతిక్కగా మాట్లాడతాండాడు సిస్టర్" అని చిత్తూరు పల్లెల నుంచి వచ్చిన కొడుకు చెబితే, కొత్తగా వచ్చిన ఆ తికమకకు 'న్యూస్'లో నేరుగా 3 పడుతుంది.

ఈ వారం అభ్యాసం: రోజూ ఐదుగురికి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ముందు మీ అంకె రాసుకుని, ఆ తర్వాతే పాత షిఫ్ట్ అంకె చూడండి. తేడా వచ్చినవి ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంచండి. నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.