దసరా సెలవుల్లో కెన్యా: నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లేవాళ్లు చేసుకోవాల్సిన ఏర్పాట్లు

పిల్లల చదువులు చూసుకుని మన వైపు కుటుంబాలు కెన్యాకి వేసవి సెలవుల్లోనే బయల్దేరాలనుకుంటాయి. ఆ నెలలు వద్దు. మార్చి చివర నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. జంతువుల్ని చూడ్డానికి అందరూ వెళ్లే మసాయి మారా అభయారణ్యంలో చాలాచోట్ల నేల మన నల్లరేగడే. తడిస్తే జీపు చక్రాలు ఇరుసు దాకా దిగబడతాయి. గడ్డి ఏపుగా ఉండి, పక్కనే పడుకున్న సింహం కూడా కనబడదు. దసరా సెలవులైతే చక్కగా కుదురుతాయి. జులై నుంచి అక్టోబరు దాకా విల్డబీస్ట్ అనే పెద్ద జింకజాతి మందలు టాంజానియాలోని సెరెంగెటి నుంచి మారాకి వచ్చి మేస్తుంటాయి. సంక్రాంతికే వీలైతే అంబోసెలి పార్కు మంచిది. 5,895 మీటర్ల కిలిమంజారో ఉన్నది టాంజానియాలోనే అయినా, ఏనుగుల మంద వెనక ఆ మంచుకొండని చూడాలంటే ఇక్కడికే రావాలి. తెల్లవారగానే చూడండి, పొద్దెక్కితే మబ్బు కమ్మేస్తుంది.

టికెట్ల కంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా సంగతి తేల్చుకోండి. మనకి దగ్గర చెన్నై. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని, ఒరిజినల్ పాస్‌పోర్టుతో వెళ్లాలి. పొద్దున పినాకినికి పోయి సాయంత్రం అదే బండికి రావాలనుకునేవాళ్లు, బండి చెన్నై చేరేసరికి మధ్యాహ్నమవుతుందని గుర్తుంచుకోండి. ముందురోజే చేరడం మేలు. టీకా వేసిన 10 రోజులకి గాని సర్టిఫికెట్ చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, 60 దాటినవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడగండి. కొన్ని రకాలు తిరిగొచ్చాక వారం, కొన్ని నాలుగు వారాలు వేసుకోవాలి. మధ్యలో మానేస్తే అంతవరకు వేసుకున్నదీ వృథానే. వీసా బదులు ఇప్పుడు ఈటీఏ అనే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి; ఆన్‌లైన్‌లో ప్రభుత్వ సైట్‌లోనే చేసుకోండి.

వారం రోజుల్లో అయిదు పార్కులు చూపిస్తామనే ప్యాకేజీ తీసుకోకండి. సగం రోజులు రోడ్డు మీదే పోతాయి. నైవాషా సరస్సు దగ్గర రెండు రాత్రులు, మారాలో మూడు రాత్రులు చాలు. నైరోబి నుంచి మారా సుమారు 270 కిలోమీటర్లు, నరోక్ మీదుగా అయిదారు గంటల ప్రయాణం. విదేశీయులకి మారా ప్రవేశం జులై నుంచి డిసెంబరు దాకా పెద్దవాళ్లకి రోజుకి 200 డాలర్లు, మిగతా నెలల్లో 100. ఆ టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే. కాబట్టి గేటు బయట బస చేస్తూ, మధ్యాహ్నం మూడింటికి చేరుకుని ఆ పూటే లోపలికి వెళ్లారంటే మూడు గంటలకి ఒక రోజు డబ్బు కట్టినట్టు. ఆ సాయంత్రం విశ్రాంతి తీసుకుని మర్నాడు ఆరింటికి గేటు దగ్గరుండండి. ప్యాకేజీలో ఈ రుసుము కలిసిందో లేదో, వాహనంలో మనిషికో కిటికీ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.

విల్డబీస్ట్ మంద మారా నది దాటే దృశ్యం అడగ్గానే దొరకదు. మంద గట్టున గంటల తరబడి నిలబడి, ఒక్కోసారి వెనక్కి తిరిగిపోతుంది. ముందున్నవి నీళ్లలో దిగేదాకా వాహనం గట్టుకి దూరంగా ఉండాలి. దారికి అడ్డం పెడితే బెదిరిపోతాయి, మొసళ్లున్న చోటుకి పరుగెత్తుతాయి. దగ్గరికి పోనివ్వమని డ్రైవర్ని తొందరపెట్టొద్దు, ఆ మాట మన నోటి నుంచి అసలు రాకూడదు.

కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. పార్కుల్లో 2020 నుంచి ఒకసారి వాడి పారేసే సీసాలూ కుదరవు. అందుకే ఆవకాయని కవర్లో కట్టకుండా, మరమూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి గుడ్డ చుట్టండి. తాజా పండ్లు, విత్తనాలు వద్దు. తిండికి భయపడక్కర్లేదు, అక్కడి ఉగాలి మొక్కజొన్న పిండితో చేసిన సంగటే, చపాతీని వాళ్లూ చపాతీ అనే అంటారు. మారా 1,500 మీటర్లకి పైనే ఉంది, తెల్లవారుజామున బాగా చలి. మన ఎండల్లో అలవాటు లేదని స్వెట్టరు మానేయకండి. కెమెరా ఆనించడానికి దళసరి గుడ్డతో ఖాళీ సంచి కుట్టించి తీసుకెళ్లండి. అక్కడ రెండు కిలోల బియ్యం కొని నింపితే కిటికీ మీద కదలకుండా కూర్చుంటుంది. చిన్న విమానంలో మారా వెళ్లేట్టయితే మెత్తటి బ్యాగు, 15 కిలోలే.

నైవాషా దగ్గర హెల్స్ గేట్‌లో సైకిల్ మీద జీబ్రాలు, జిరాఫీల మధ్య తిరగొచ్చు. ఎల్సా గేటు దగ్గర సైకిల్ అద్దెకి దొరుకుతుంది, బ్రేకులు రెండూ పట్టి చూసుకోండి. అడవి గేదె కనబడితే ఆగి, దూరంగా చుట్టి వెళ్లాలి. అక్కడి లోయలోకి గైడు లేకుండా దిగొద్దు. పైన ఎక్కడో వాన పడినా ఇక్కడ వరద దూకుతుంది. 2012లో, 2019లో సందర్శకుల ప్రాణాలు పోయాయి. మబ్బు పట్టిన రోజు లోయ మానుకోండి.

పులికాట్‌లో చూసిన రాజహంసలు నకూరు సరస్సులో లక్షల్లో ఉంటాయని వెళ్తే నిరాశే. నీటిమట్టం పెరిగి అవి చాలావరకు బొగోరియా సరస్సుకి మారాయి. నకూరుకి ఖడ్గమృగం కోసం వెళ్లండి.

ఇంటికొచ్చాక మూడు నెలల లోపు జ్వరమొస్తే, కెన్యా వెళ్లొచ్చామని డాక్టరుకి మొదటే చెప్పి అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.