పట్టా భూమిలో కంప కొట్టి మాన్లు నరకాలంటే పర్మిషన్ ఎట్లా పెట్టుకోవాల

మన చిత్తూరు, తిరుపతి సైడు రెండేళ్ళు సేద్యం చేయకుండా వదిలేసిన కయ్య ఎట్లుంటాదో తెలిసిందే కదా, గెనిమ (పొలం గట్టు) ఎక్కడుందో కూడా తెలీకుండా సర్కారు తుమ్మ కమ్మేసుంటాది, మధ్యలో ఒకటో రెండో యాపమాన్లు, ఓ చింతమాను. జేసీబీ వచ్చి గట్టున నిలబడినాక పర్మిషన్ గుర్తొస్తే లాభం లేదు, బాడుగ దండగ.

ముందు చేలో ఏమేం ఉండాయో చూసుకోండి. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సొంత పట్టా భూమిలో మాను కొట్టాలన్నా పర్మిషన్ తీసుకోవాల. సర్కారు తుమ్మ, సరుగుడు, నీలగిరి, సుబాబుల్ లాంటివాటికి మినహాయింపు ఉంది, కాబట్టి ఉత్త కంప మాత్రమే అయితే అప్లికేషన్ గొడవే లేదు. యాప, చింత లాంటివాటికి మాత్రం కాగితం కావాల్సిందే. నాలుగు రెమ్మలు దులపడం వేరు, కొమ్మలన్నీ నరికి మొండెం చేయడం వేరు, రెండోదాన్ని మాను కొట్టినట్టే లెక్కేస్తారు, ముందే అడిగి చేయండి.

ఎర్రచందనం ఒక్క మొక్క ఉన్నా దాని జోలికి పోవద్దు. శేషాచలం పక్కన ఊర్లలో గెనాల మీద దానంతటదే మొలుస్తా ఉంటాది, నా చేలో మొలిచింది నాదే కదా అని కొట్టేస్తే కేసు. దానికి నరకడానికీ, తరలించడానికీ ఫారెస్ట్ రూల్స్ వేరే.

ఇంక కాగితాలు. మీభూమి సైట్‌లో 1బి, అడంగల్ (భూమి ఎవరిది, అందులో ఏం సాగుందో చూపే రెవెన్యూ రికార్డులు) తీసుకోండి, పాసు పుస్తకం జిరాక్స్, ఆధార్, చెట్ల లిస్టు పెట్టండి. ఈ లిస్టు దగ్గరే అందరూ తప్పు చేస్తారు. 'సుమారు పది చెట్లు' అని రాస్తే పనికిరాదు. ఒక్కో మానుకూ సున్నంతో నంబరు వేసి, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో టేపు చుట్టి కొలిచి, జాతి, చుట్టుకొలత, ఏ గెనిమ మీద ఉందో వరసగా రాయండి. ప్రతి నంబరూ కనపడేలా ఫోటో తీసిపెట్టుకుంటే తనిఖీకి వచ్చినాయన మీతో చేనంతా తిరగాల్సిన పని లేకుండా పోతాది. నేను మొదటిసారి సర్వే నంబర్ రాసి సబ్‌డివిజన్ వదిలేసినాను, అప్లికేషన్ వెనక్కొచ్చింది, మళ్ళా మొదట్నుంచీ తిరుక్కున్నా. కౌంటర్లో ఆ మాట ముందే చెప్పుంటే ఏం పోయిండేదో.

ఈ సెట్టు తీసుకుని గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ అడగండి, అక్కడ కుదరకపోతే నేరుగా మీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి, ఈ సంతకం లేకుంటే తర్వాత మన అప్లికేషన్ కనపడకపోయినా మనమేం అనలేం. తర్వాత ఫారెస్ట్ వాళ్ళు వచ్చి చూస్తారు. కొట్టినదానికి బదులు మొక్కలు నాటమని షరతు పెడతారు, ఎన్ని నాటాలో ఆర్డర్లోనే ఉంటాది, చదవకుండా మడిచి జేబులో పెట్టుకోవద్దు.

వంక, చెరువు కట్ట, దారి పోరంబోకులో ఉండేది మనది కాదు, కంపైనా సరే. హద్దు మీద మాను ఉంటే విలేజ్ సర్వేయర్‌ని పిలిచి కొలిపించుకుని పక్క చేను వాళ్ళ ముందరే తేల్చుకోండి, లేదంటే చెట్టు కంటే తగాదా పెద్దదైపోతాది.

కరెంటు తీగల మీద కొమ్మలు పడినా, ఆనుకున్నా మచ్చుకత్తి పట్టుకుని మీరు ఎక్కొద్దు. 1912కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని లైన్ ఆపినాకే కొట్టించాల.

కొట్టిన దుంగలు ట్రాక్టర్లో బయటికి తోలాలంటే ఆ జాతికి ట్రాన్సిట్ పర్మిట్ కావాల్నా అని అదే ఆఫీసులో అడిగేయండి, నరకడానికి ఇచ్చిన కాగితం తోలడానికి పనికిరాదు. ఆర్డర్ జిరాక్స్ ఒకటి డ్రైవర్ దగ్గర పెట్టండి, చెక్‌పోస్ట్‌లో అడిగేది ఆయన్నే.