ఎంబీబీఎస్ కన్వీనర్ కోటా దరఖాస్తు: సర్టిఫికెట్లు సర్దుకోవడం నుంచి కాలేజీలో అప్పగించే దాకా

నీట్ రాశాక ఇంట్లో ర్యాంకు గురించిన టెన్షన్ తప్ప ఇంకో మాట వినిపించదు. ఫలితాలు వచ్చి, యూనివర్సిటీ నోటిఫికేషన్ ఇచ్చాక గానీ సర్టిఫికెట్ల సంగతి గుర్తుకు రాదు. అప్పటికి గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఫారం నింపడం గంట, రెండు గంటల పని. దానికి కావలసిన కాగితాలు పోగేయడానికే వారాలు పడతాయి. అందుకే పరీక్ష అయిపోయిన మర్నాడే ఈ పని మొదలుపెట్టమని ప్రతి తల్లిదండ్రులకూ చెబుతాను.

ముందు ఎవరికి దరఖాస్తు చేయాలో తెలియాలి. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటావి. వాటి కౌన్సెలింగ్‌ను ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ నడుపుతుంది. మిగతా 85 శాతం, ప్రైవేటు కాలేజీల్లోని ఎ కేటగిరీ సీట్లు రాష్ట్రం చేతిలో ఉంటాయి. వీటినే కన్వీనర్ కోటా అంటారు. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ భర్తీ చూస్తాయి. నీట్‌లో మంచి మార్కులు వచ్చినంత మాత్రాన రాష్ట్ర మెరిట్ లిస్టులో పేరు రాదు. యూనివర్సిటీ సైట్‌లో విడిగా రిజిస్టర్ అయి, ఫీజు కట్టి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాలి. మేనేజ్‌మెంట్, ఎన్నారై కోటాలకు నోటిఫికేషన్ వేరు, దరఖాస్తు కూడా వేరు.

ఎక్కువ చిక్కులు పేరు దగ్గరే వస్తాయి. మనకు ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి మెమోలో అది పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా మిగులుతుంది, కుల ధ్రువపత్రంలో పేరు చివరికి చేరుతుంది. అన్నిటికీ పదో తరగతి మెమోనే ఆధారంగా పెట్టుకోండి. నీట్ దరఖాస్తులోనూ, యూనివర్సిటీ దరఖాస్తులోనూ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఆ మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయాలి. ఆధార్‌లో తేడా ఉంటే నోటిఫికేషన్ రాకముందే సరిచేయించుకోవాలి. సర్టిఫికెట్లు పరిశీలించే అధికారికి మీ పిల్లలెవరో తెలియదు. రెండు కాగితాల్లో రెండు పేర్లు కనిపిస్తే ఆయన ఆగిపోవడం న్యాయమే.

తర్వాతది స్థానికత, అంటే రాష్ట్ర కోటాలో లోకల్ అభ్యర్థిగా గుర్తింపు. తెలంగాణలో 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం, ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, రాష్ట్రంలోనే చదివి ఉండాలి. సుప్రీంకోర్టు కూడా 2025 సెప్టెంబరులో ఈ నిబంధనను సమర్థించింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల వంటి కొందరికి మాత్రమే మినహాయింపు ఉంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినా ఇంటర్ కోసం విజయవాడ హాస్టల్లో చేరిన పిల్లలకు ఇది చాలా పెద్ద విషయం. పదో తరగతి అయ్యాక ఎక్కడ చేర్పించాలో ఆలోచిస్తున్న కుటుంబాలు దీన్ని ముందే దృష్టిలో పెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఏ సంవత్సరం ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి ఆంధ్ర యూనివర్సిటీ, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతాల స్థానికత నిర్ణయిస్తారు.

కాబట్టి స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్తగా తీసుకోవాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా అన్నీ దగ్గర పెట్టుకుంటే ఏ రాష్ట్రంలోనైనా పనికొస్తాయి. ప్రతిదానిలో తరగతి, విద్యా సంవత్సరం, స్కూలు ఉన్న ఊరు, మండలం, జిల్లా, ప్రధానోపాధ్యాయుల సంతకం, స్టాంపు ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. మధ్యలో ఒక్క ఏడాది రాయకపోయినా స్థానికత లెక్క తెగిపోతుంది. స్కూలు మూతపడి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయంలో అడగాలి. వేసవి సెలవుల్లో చాలా స్కూళ్లలో సంతకం పెట్టేవాళ్లు దొరకరు, అందుకని వీలైతే ఏప్రిల్‌లోనే తెచ్చుకోవడం మంచిది.

కుల ధ్రువపత్రం విషయంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. రాష్ట్ర కోటాకు బీసీ-ఎ, బి, సి, డి, ఇ అని ఇచ్చే పత్రం చెల్లుతుంది. ఆలిండియా కోటాకు అది పనికిరాదు. అక్కడ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఇచ్చే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం (బీసీల్లో సంపన్న శ్రేణికి చెందరని చెప్పేది) అడుగుతారు. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు, అది కూడా చూసుకోవాలి. రెండు పత్రాలకూ మీసేవలో లేదా సచివాలయంలో ఒకేసారి దరఖాస్తు పెడితే తహసీల్దార్ కార్యాలయం చుట్టూ రెండోసారి తిరిగే పని తప్పుతుంది. ఈడబ్ల్యూఎస్ (ఇతర రిజర్వేషన్లు లేనివారిలో ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) పత్రం ఆ ఆర్థిక సంవత్సరానికి మాత్రమే చెల్లుతుంది, కాబట్టి పాతది బీరువాలో ఉన్నా ఏప్రిల్ తర్వాత కొత్తది తీసుకోవాల్సిందే. ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ ఉపకులాలను గ్రూపులుగా విడదీయడం, 2025లో రెండు రాష్ట్రాల్లోనూ అమల్లోకి వచ్చింది. పాత పత్రంలో ఉపకులం స్పష్టంగా లేకపోతే కొత్తది తీసుకోండి.

ఇక స్కానింగ్. ఒరిజినల్‌నే రంగుల్లో స్కాన్ చేయాలి, జిరాక్స్‌ను కాదు. ఫోన్‌తో తీస్తే చేతి నీడ పడకుండా, నాలుగు మూలలూ కనిపించేలా, అక్షరాలు నిటారుగా ఉండేలా తీయండి. మెమో నంబరు, స్టాంపు చదవగలిగేలా ఉన్నాయో లేదో ఫైలు పెద్దది చేసి చూడండి. సైట్ అడిగిన సైజుకు కుదించాక కూడా మళ్లీ ఒకసారి తెరిచి చూడాలి, ఎందుకంటే అక్షరాలు మసకబారేది అప్పుడే. ఫైళ్లకు ‘స్కాన్ 1’, ‘స్కాన్ 2’ అని కాకుండా ‘టెన్త్ మెమో’, ‘ఇంటర్ మెమో’, ‘టీసీ’ అని పేర్లు పెడితే ఒకచోట పెట్టాల్సింది ఇంకోచోట అప్‌లోడ్ అవదు. ఫోటో నీట్ దరఖాస్తుకు వాడినదే వాడండి. ఆ ఫోటో కాపీలు డజను దాకా తీయించి ఉంచండి.

దరఖాస్తును వీలైతే ఇంట్లోనే నింపండి. నెట్ సెంటర్‌కు వెళ్లక తప్పకపోతే మొబైల్ నంబరు, ఈమెయిల్ మాత్రం మీవే ఇవ్వాలి. సెంటర్ వాళ్ల నంబరు ఇస్తే ఓటీపీలు, సీటు కేటాయింపు మెసేజ్‌లు వాళ్లకు వెళతాయి. కౌన్సెలింగ్ నెలల తరబడి సాగుతుంది, ఆ నంబరే అన్నిటికీ దారి. పాస్‌వర్డ్ కూడా మీరే పెట్టి రాసుకోండి. సబ్మిట్ నొక్కే ముందు ఒకరు మెమో పట్టుకుని చదువుతుంటే ఇంకొకరు తెర మీద సరిచూడాలి. హాల్ టికెట్ నంబరులో అంకె మారడం, మహిళ, పురుషుడు కాలమ్‌లు తారుమారవడం ఇలా చదివినప్పుడే బయటపడతాయి. రిజర్వేషన్ కాలమ్ మీద అన్నిటికంటే ఎక్కువసేపు ఆగండి. అక్కడ పెట్టనిది తర్వాత అడిగినా ఇవ్వకపోవచ్చు.

పరిశీలన అయ్యాక యూనివర్సిటీ తాత్కాలిక మెరిట్ లిస్టు పెట్టి అభ్యంతరాలు అడుగుతుంది. ఆ గడువు చాలా చిన్నది. స్థానికతో, కేటగిరీయో తప్పుగా పడితే కోపంగా పెద్ద ఉత్తరం రాయనక్కర్లేదు. పేరు, నీట్ రోల్ నంబరు, ర్యాంకు, లిస్టులో ఏముంది, ఏముండాలి, ఆధారంగా ఏ పత్రం జతచేశారు అన్నవి రాస్తే ఐదారు వాక్యాల్లో అయిపోతుంది. చదివేవాళ్లకు వందల మెయిళ్లు వస్తాయి, విషయం మొదటి వరుసలోనే కనిపించాలి.

సీటు వచ్చాక కాలేజీలో రిపోర్ట్ చేసే రోజుకు ఫైలు ఒక వరుసలో పెట్టుకోండి: అలాట్‌మెంట్ ఆర్డర్, నీట్ ర్యాంకు కార్డు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల, ఆదాయ పత్రాలు, ఆధార్, ఫోటోలు. లామినేషన్ చేయించొద్దు. ఒరిజినల్స్ కాలేజీ దగ్గరే ఉండిపోతాయి, అప్పగించినట్టు రసీదు అడిగి తీసుకోండి. వెళ్లే ముందు రోజే నాలుగు జిరాక్స్ సెట్లు తీయించి, ఒకటి ఇంట్లో వదిలి వెళ్లండి. స్కాలర్‌షిప్‌కు, బ్యాంకు లోనుకు, హాస్టల్‌కు మళ్లీ ఇవే కాగితాలు అడుగుతారు.