పసిపిల్లలకు ఊలు టోపీ అల్లి ఇద్దాం

బెజవాడ ఎండల్లో ఊలు టోపీ ఎందుకని చాలామంది అడుగుతారు. కానీ రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఒంట్లో వేడి నిలవదు, తల నుంచే చాలా పోతుంది, అందుకే తల్లి గుండెకు ఆనించి పడుకోబెట్టినప్పుడు కూడా తలకు టోపీ పెడతారు.

గరుకు ఊలు వద్దు. చెంపకు రాసి చూసుకోండి, గుచ్చుకోకపోతేనే కొనండి. 4 మిల్లీమీటర్ల సూదులపై మధ్యరకం మందం ఉన్న ఊలుతో 64 కుట్లు ఎక్కించి, రెండు సూటిగా రెండు తిరగేసి, అలా 14 సెంటీమీటర్లు అల్లండి. ఈ అల్లిక సాగుతుంది కాబట్టి కొలత కొంచెం అటూఇటూ అయినా టెన్షన్ అక్కర్లేదు. తర్వాత వరసంతా రెండేసి కుట్లు కలిపేస్తే 32, మామూలుగా ఒక వరస అల్లి మళ్ళీ కలిపితే 16. దారం కత్తిరించి ఆ కుట్లలోంచి లాగి బిగించి, పక్క కుట్టేయండి. ముడులు లోపలివైపు గట్టిగా దాచాలి, లేకపోతే వాటిలో పిల్లల వేళ్ళు ఇరుక్కుంటాయి.

బొత్తాలు, రిబ్బన్లు, కుచ్చులు అసలు పెట్టొద్దు, ముద్దుగా ఉంటాయి నిజమే, ఊడితే నోట్లోకి పోతాయి.

ఉతికి, ఆరబెట్టి, సెంటు వాసన లేకుండా ఇవ్వండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) అయినా, మీ దగ్గర్లోని ఇంకే ఆసుపత్రి అయినా, ముందే వెళ్ళి పిల్లల వార్డు సిస్టరమ్మను ఏ సైజు కావాలో అడగండి.