కొలరాడోకి కొత్తగా వచ్చారా? స్కీ పాస్ కొనేముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి

డెన్వర్‌లో దిగిన మొదటి ఆగస్టులో ఆఫీసు లంచ్ బల్ల దగ్గర ఒకాయన నన్ను అడిగాడు, "నువ్వు ఎపిక్కా, ఐకానా?" అని. ఫోన్ ప్లాన్ సంగతేమో అనుకుని "ఇంకా తీసుకోలేదు" అన్నాను. "అయితే త్వరపడు, లేబర్ డే దాటితే రేటు పెరుగుతుంది" అన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మంచు మీద నిలబడటం కూడా రాని నేను ఆ రాత్రే కార్డు గీకేశాను. ఆ చలికాలం మొత్తంలో కొండకి వెళ్లింది మూడు రోజులు. అందులో ఒకరోజు గేటు దగ్గర నుంచే వెనక్కి పంపేశారు. ఆ కథ తర్వాత చెప్తాను.

ముందు ఈ పాస్ వెనకున్న లెక్క తెలియాలి. వెయిల్ రిసార్ట్స్ అనే స్కీ కొండల కంపెనీ 2008లో ఎపిక్ పాస్‌ని 579 డాలర్లకి తెచ్చింది. ఒకే పాస్, చాలా కొండలు, సీజనంతా ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. దానికి పోటీగా ఆల్టెరా అనే కంపెనీ 2018లో ఐకాన్ పాస్ మొదలుపెట్టింది. రెండింటి కిటుకూ ఒకటే: మంచు పడకముందే మన దగ్గర డబ్బు తీసుకోవడం. మంచు బాగా పడితే మన అదృష్టం, పడకపోతే మన ఖర్మ, వాళ్ల డబ్బు మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది. అందుకే వసంతంలో ధర తక్కువ, వేసవి పోయేకొద్దీ మెట్లు మెట్లుగా పెరుగుతుంది, డిసెంబరు మొదట్లో అమ్మకం దాదాపు ఆగిపోతుంది. ఆ తర్వాత కొండ దగ్గర కిటికీలో టికెట్ కొనేవాడికి మాత్రం వాత పెడతారు. వెయిల్ కొండ దగ్గర రద్దీ రోజున ఒక్కరోజు లిఫ్ట్ (కొండ పైకి మోసుకెళ్లే తీగ కుర్చీ) టికెట్ 300 డాలర్లు దాటేసింది.

చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. 2025-26 సీజన్‌కి ఎపిక్ 1,051 డాలర్లకీ, ఐకాన్ 1,329 డాలర్లకీ మొదలయ్యాయి. "కిటికీ రేటు 300 కదా, నాలుగు రోజులు వెళ్తే వసూలైపోయినట్టే" అని లెక్క వేసుకుంటాం. కానీ పాస్ లేకపోతే మీరు నిజంగా 300 పెట్టి నాలుగుసార్లు వెళ్లేవారా? వెళ్లరు. నేనూ వెళ్లను. ఆ కిటికీ రేటుతో పోల్చి చూస్తే ఏ పాసయినా చవగ్గానే కనిపిస్తుంది. పోల్చాల్సింది దానితో కాదు. ఇవే కంపెనీలు సీజన్ మొదలవకముందే అమ్మే కొద్దిరోజుల పాస్‌లు ఉన్నాయి, వాటితో పోల్చాలి. ఎపిక్ డే పాస్ అని ఒకటుంది, 1 నుంచి 7 రోజుల దాకా ఎన్ని కావాలంటే అన్ని కొనుక్కోవచ్చు. పండగ రోజులు వద్దంటే ఇంకా తగ్గుతుంది, పెద్ద కొండలు వద్దంటే మరీ తగ్గుతుంది. ఐకాన్‌లో సెషన్ పాస్ అని 2, 3, 4 రోజులవి ఉన్నాయి. నాలుగు రోజుల డే పాస్‌కీ పూర్తి పాస్‌కీ మధ్య తేడా ఎంతో చూసి, ఆ తేడాకి ఐదో రోజు, ఆరో రోజు నిజంగా వెళ్తారా అని మిమ్మల్ని మీరే అడగాలి.

కాగితం ఇందుకే తీసుకోమన్నది. డిసెంబరు మొదటి నుంచి మార్చి చివరి వరకు శనివారాలు వరసగా రాయండి, పదిహేడో పద్దెనిమిదో వస్తాయి. ఇప్పుడు కొట్టేయడం మొదలుపెట్టండి. డిసెంబరు మధ్యలో ఇండియా వెళ్లి సంక్రాంతి చూసుకుని వచ్చేవారైతే ఒక్క దెబ్బకి నాలుగైదు పోయాయి. వీసా స్టాంపింగ్ పెట్టుకుంటే ఇంకోటి. ఆన్‌కాల్ వారాలు, పిల్లల కూచిపూడి క్లాసు, మన సంఘం వాళ్ల సంక్రాంతి సంబరాలు, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. ఆ పైన తుపాను వచ్చి హైవే మూసేసిన రోజులు. నేను రెండో ఏడాది ఈ పని చేస్తే నాకు మిగిలినవి ఆరు. ఆ ఆరులోనూ ఒకదాని మర్నాడు ఒళ్లు హూనమై ఆ వచ్చే శనివారం వద్దనుకుంటాం. మీ కాగితం మీద నాలుగు కంటే తక్కువ మిగిలితే పూర్తి పాస్ జోలికే పోవద్దు. ఆరుకి పైన మిగిలితే అప్పుడు కింది గోల చదవండి.

పాస్ పేరు కంటే రోడ్డు ముఖ్యం. డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద పడమటికి పోతే ఎపిక్‌వాళ్లవి కీస్టోన్, బ్రెకెన్‌రిడ్జ్, ఇంకా ముందుకెళ్తే వెయిల్, బీవర్ క్రీక్. దూరంగా క్రెస్టెడ్ బ్యూట్ కూడా వాళ్లదే. ఐకాన్‌లో వింటర్ పార్క్, కాపర్, అరాపాహో బేసిన్, బౌల్డర్ వైపు ఎల్డోరా, దూరంగా స్టీమ్‌బోట్, ఆస్పెన్. మీరు బౌల్డర్‌లోనో లూయివిల్‌లోనో ఉంటే ఎల్డోరాకి ఐ-70 ఎక్కాల్సిన పనే లేదు, సిటీ బస్సు కూడా వెళ్తుంది. అదొక్కటి చాలు ఐకాన్ వైపు మొగ్గడానికి. లిట్టిల్‌టన్, పార్కర్ వైపు ఉన్నవారికి ఆ సౌకర్యం ఉండదు, వాళ్లకి రెండూ ఇంచుమించు ఒకే దూరం. అప్పుడు చూడాల్సింది మీ గుంపు దేని మీద ఉందనేది. కారులో నలుగురిలో ముగ్గురు ఎపిక్ అయితే మీరొక్కరూ ఐకాన్ కొని చేసేదేముంది? చిన్న మాటలా ఉంటుంది కానీ ఏటా ఎవరో ఒకరు ఇలా ఒంటరిగా మిగిలిపోవడం చూస్తున్నాను.

ఇక నేర్చుకునేవారికి ఏది తేలిక? నా అభిప్రాయం అడిగితే ఐకాన్‌లో కాపర్, ఎపిక్‌లో కీస్టోన్. కాపర్ కొండని ప్రకృతే విభజించి పెట్టింది: పడమటి చివర తేలిక దారులు, తూర్పుకి పోయేకొద్దీ నిటారు. గాలిలో దూసుకొచ్చే మొనగాళ్లు మన మధ్యలోకి రారు. కీస్టోన్‌లో స్కూల్‌మార్మ్ అనే ఆకుపచ్చ దారి పైనుంచి కింది వరకు మైళ్ల పొడవున మెల్లగా దిగుతుంది. దిగడానికి మొదటిసారి నాకు గంటన్నర పట్టింది, అందులో సగం కూర్చునే ఉన్నాను. ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ అంటే మనకి కాదు. ఈ గుర్తులు ఆ కొండకి మాత్రమే వర్తిస్తాయి. ఒక కొండ మీద నీలం దిగగలిగాం కదా అని ఇంకో కొండ నీలం కూడా అలాగే ఉంటుందనుకోకండి.

పేరు ఒకటే అయినా లోపల రకాలున్నాయి. ఎపిక్‌లో చవకది ఎపిక్ లోకల్. వెయిల్, బీవర్ క్రీక్, కెనడాలోని విస్లర్, ఈ మూడింట్లో కలిపి పది రోజులే, పండగ తేదీల్లో కొన్నిచోట్ల ప్రవేశం ఉండదు. ఐకాన్‌లో చవకది బేస్ పాస్. ఆస్పెన్, జాక్సన్ హోల్ లాంటి ఖరీదైనవి అందులో ఉండవు, కొన్ని కొండలకి రోజుల పరిమితి, పండగలకి బ్లాక్‌అవుట్. బ్లాక్‌అవుట్ అంటే పాస్ చెల్లని తేదీలు: సుమారుగా క్రిస్మస్ మర్నాటి నుంచి డిసెంబరు చివరి వరకు, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ వారాంతం, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారాంతం. అంటే ఇంచుమించు మన ఆఫీసులకి సెలవున్న రోజులే.

నా కథ ఇదే. పాస్ పేరు, కొండ పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు నాది. క్రిస్మస్ మర్నాడు తెల్లవారి నాలుగున్నరకి లేచి, పులిహోర డబ్బాలో పెట్టుకుని, ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని బయల్దేరాను. పార్కింగ్‌కి ముప్పై డాలర్లు, బూట్ల అద్దె అరవై. ఆ బూట్లు తొడుక్కోవడానికే ఇరవై నిమిషాలు. కొండవీటి చాంతాడంత క్యూలో నిలబడి గేటు దగ్గరకి వచ్చేసరికి ఎర్ర లైటు వెలిగి కీచుమంది. జేబు తడిమాను, మళ్లీ వెళ్లాను, మళ్లీ ఎరుపు. అక్కడున్న అమ్మాయి చేతిలో యంత్రం చూసి, "మీ పాస్‌కి ఇవాళ చెల్లదండీ" అన్నంత మర్యాదగా చెప్పింది. నా వెనక వందమంది. ఆ బూట్లతో బాతులా నడుచుకుంటూ వెనక్కి వచ్చి కారులో పులిహోర తిన్నాను. స్నేహితులు నాలుగు గంటలకి వచ్చారు. కొన్న రోజే బ్లాక్‌అవుట్ తేదీలన్నీ ఫోన్ క్యాలెండర్‌లో ఎక్కించుకోండి. నాకు ఆ పని చేయమని ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి. ఏ కొండ ఏ పాస్‌లో ఉందనేది శాశ్వతం కాదు. అరాపాహో బేసిన్ 2019 వరకు ఎపిక్ వైపు ఉండేది. పార్కింగ్ చాలక జనం కిక్కిరిసిపోతున్నారని బయటికొచ్చి, తర్వాత ఐకాన్‌లో చేరింది, 2024లో ఆల్టెరా ఏకంగా కొనేసింది. కాబట్టి నాలుగేళ్ల కిందట వచ్చిన మీ బావగారు చెప్పిన జాబితా నమ్మి కొనకండి. ఆ ఏటి జాబితా చూసే కొనండి. అన్నట్టు, అరాపాహో చాలా ఎత్తు. లిఫ్ట్ ఎక్కే అడుగు దగ్గరే సముద్రమట్టానికి 10,700 అడుగుల పైన, అక్టోబరులో తెరిస్తే జూన్ దాకా నడిచే ఏళ్లున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లగలిగితే పాస్ డబ్బు వసూలు చేసుకునేందుకు అంతకంటే మంచి చోటు లేదు. కానీ మొదటిసారి వెళ్లేవారికి తలనొప్పి, వాంతులు రావచ్చు. నీళ్లు తాగుతూ ఉండండి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని దిగిన రెండోరోజే అక్కడికి తీసుకెళ్లకండి.

మిగతా రెండు పాస్‌ల గురించి రెండు ముక్కలు. మౌంటెన్ కలెక్టివ్‌లో ఒక్కో కొండకి రెండు రోజులు, ఆపైన రోజులకి సగం ధర, బ్లాక్‌అవుట్ లేదు. ఊళ్లు తిరుగుతూ స్కీ చేసేవారికి, మనకి కాదు. ఇండీ పాస్ 2019లో 199 డాలర్లకి మొదలైంది, పెద్ద కంపెనీల చేతిలో లేని చిన్న కొండలకి ఒక్కో చోట రెండేసి రోజులు. నాకు భలే ఇష్టం, కానీ అమ్మకాలకి పరిమితి పెడతారు, వెయిటింగ్ లిస్టులో నిలబడాలి.

పిల్లలున్నవారు మాత్రం ఇక్కడ ఆగాలి. ఐదేళ్లలోపు పిల్లలకి ఎపిక్ కొండల్లో ఉచితం. కొలరాడో బడుల్లో చదివే చిన్న తరగతుల పిల్లలకి కొన్ని ఉచిత రోజులిచ్చే పథకం వెయిల్ రిసార్ట్స్‌కి ఉంది. 3 నుంచి 6 తరగతులవారికి కొలరాడో స్కీ కంట్రీ అనే సంస్థవాళ్ల స్కీ పాస్‌పోర్ట్ అని ఒకటి, కొద్ది రుసుముతో బోలెడు కొండల్లో రోజులొస్తాయి. ఈ రెండూ తెలియక పిల్లలకి పూర్తి పాస్‌లు కొన్న తల్లిదండ్రులు నాకు ముగ్గురు తెలుసు. నమోదు గడువులుంటాయి, ఎండాకాలం సెలవుల్లోనే చూసుకోండి. పిల్లల స్కీలు, బూట్లు సీజన్ మొత్తానికి అద్దెకిచ్చే దుకాణాలు ఊళ్లోనే ఉన్నాయి. కొండ దగ్గర రోజువారీ అద్దె కడితే తడిసి మోపెడవుతుంది.

పాస్‌లో ఏముండదో కూడా వినండి: అద్దె, పాఠం, పార్కింగ్, తిండి. మొదటిరోజు పాఠం తీసుకోకుండా స్నేహితుడు నేర్పిస్తాడని వెళ్లకండి. మా స్నేహితుడు నాకు నేర్పింది "మోకాళ్లు వంచు" ఒక్కటే. చాలా కొండల్లో కొత్తవారికి పాఠం, అద్దె, కింది లిఫ్ట్ కలిపి ఒక ప్యాకేజీ ఉంటుంది. దానికి పాస్ అక్కర్లేదు. ఐసెన్‌హోవర్ సొరంగానికి ఇవతలే లవ్‌ల్యాండ్ ఉంది, ఎపిక్‌లోనూ ఐకాన్‌లోనూ లేదు, సొరంగం దాటక్కర్లేదు. మొదటి ఏడాది అక్కడ రెండు పాఠాలు తీసుకుని, ఇష్టమైతే వసంతంలో వచ్చే ఏటి పాస్ కొనుక్కుంటే సరి. అలా కొంటే ధరా తక్కువ. పాస్ ఉన్న కొలీగ్‌లకి స్నేహితుల కోసం తగ్గింపు టికెట్లు వస్తాయి, మొహమాటపడకుండా అడగండి. చాలామంది వాటిని వాడకుండానే వదిలేస్తారు. కానీ ఒకరి పాస్ ఇంకొకరు మెడలో వేసుకుని వెళ్లడం మాత్రం వద్దు. పాస్‌తో పాటు మన ఫొటో వాళ్ల తెర మీద కనిపిస్తుంది. పట్టుబడితే పాస్ లాక్కుంటారు, ఒక్కోసారి పోలీసుల దాకా పోతుంది. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ తలనొప్పి ఎందుకు?

వాపసు సంగతి. ఎపిక్‌లో దెబ్బ తగిలినా, ఉద్యోగం పోయినా కొంత డబ్బు వెనక్కిచ్చే ఏర్పాటు పాస్‌లోనే కలిపి ఉంటుంది. 2020 మార్చిలో కరోనాతో కొండలన్నీ ఒక్కరోజులో మూతపడ్డాక తెచ్చినదది. లేఆఫ్‌ల కాలంలో ఇది చిన్న విషయం కాదు. ఇండియా ప్రయాణం పొడిగించాల్సి వచ్చిందంటే మాత్రం ఎవరూ ఇవ్వరు.

కారు గురించి చెప్పకపోతే తప్పవుతుంది. సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు మోరిసన్, డాట్సెరో మధ్య ఐ-70 మీద ట్రాక్షన్ చట్టం ఉంది: కారు మంచులో జారకుండా తగిన టైర్లు, గొలుసుల్లాంటి ఏర్పాట్లు ఉండాలి. అరిగిన టైర్ల కామ్రీతో ఎక్కి అడ్డం తిరిగితే జరిమానా. శనివారం ఉదయం ఆరు దాటాక బయల్దేరితే సగం రోజు రోడ్డు మీదే. డ్రైవింగ్ భయమైతే స్నోస్టాంగ్ బస్సుంది, యూనియన్ స్టేషన్ నుంచి వింటర్ పార్క్ కొండ అడుగు దాకా చలికాలం రైలు కూడా ఉంది. రైల్లో వెళ్లే ఆ రెండు గంటలూ నాకు స్కీయింగ్ కంటే ఎక్కువ నచ్చాయి, ఇది మా గుంపులో చెప్పను.

పాస్ కార్డు ఎడమ వైపు జేబులో ఒక్కటే పెట్టుకోండి. ఫోను, కారు తాళం కుడి జేబులో. కలిసి ఉంటే గేటు కార్డుని చదవదు, ఎర్ర లైటు వెలుగుతుంది.