అగ్నిశిఖ దుంప నాటేముందు దాని కొస చూడండి

వానాకాలంలో అడవి అంచున, కంచెల మీద పాకుతూ నిప్పంటుకున్నట్టు కనిపించే పువ్వు అగ్నిశిఖ. అడవి నాభి అనీ పొత్తిదుంప అనీ కూడా అంటారు. తమిళనాడుకి రాష్ట్ర పుష్పం, జింబాబ్వేకి జాతీయ పుష్పం, మన దగ్గర మాత్రం నర్సరీలో అడిగితే "ఏ పువ్వండీ?" అని తిరిగి మననే అడుగుతారు. నాకు బాధ అనిపించేది అక్కడే, ఎందుకంటే ఇది మన నేల మొక్కే.

పెంచేముందు ఒకటి గట్టిగా చెప్పాలి. ఈ మొక్క మొత్తం విషం, దుంప అయితే మరీను. కోల్చిసిన్ అనే పదార్థం ఉంటుంది, కూరదుంప అనుకుని వండుకు తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. పసిపిల్లలున్న ఇంట్లో, ఆకులు కొరికే కుక్కో పిల్లో ఉన్న ఇంట్లో దయచేసి పెట్టుకోవద్దు. దుంప పట్టుకునేటప్పుడు గ్లవుజులు వేసుకోండి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇక దుంప సంగతి. రెండు కొమ్ములతో నాగలిలా వంగి ఉంటుంది, సంస్కృతంలో లాంగలి అన్న పేరు అందుకే. బంగాళాదుంపకి ఉన్నట్టు దీనికి ఒళ్ళంతా కళ్ళుండవు, ఒక్కో కొమ్ము కొసన ఒక్కటే మొలక కన్ను. నా మొదటి దుంప కొరియర్‌లో వచ్చేసరికి రెండు కొసలూ విరిగి ఉన్నాయి, అది తెలియక రెండు నెలలు నీళ్ళు పోశాను. తవ్వి చూస్తే దుంప గట్టిగానే ఉంది, మొలక మాత్రం లేదు. అందుకే కొనేటప్పుడు కొస చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసి తీసుకోండి. అడవిలో తవ్వి తేవద్దు, అసలే తగ్గిపోతున్నాయి.

తొలకరి ముందు, అంటే మే చివర్లోనో జూన్‌లోనో నాటాలి. 12 అంగుళాల కుండీ, కింద చిల్లులు బాగా ఉండాలి. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమానంగా కలిపి, దుంపని పడుకోబెట్టి 2, 3 అంగుళాల మట్టి కప్పండి. ఒకసారి తడిపి, పైమట్టి ఆరాకే మళ్ళీ నీళ్ళు, ఎక్కువైతే కుళ్ళిపోతుంది. మొలక రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోపు టెన్షన్ పడి మట్టి గెలికారంటే ఆ లేత కన్ను విరుగుతుంది.

దీనికి ఆకు చివరే నులితీగ. సన్నటిదాన్నే చుట్టుకుంటుంది, లావు వెదురు కర్ర పెడితే పట్టు దొరక్క జారిపోతుంది. కంది కట్టె గానీ పురికొస గానీ చాలు. కాడ చాలా పెళుసు, లాగి కట్టబోతే టప్పున విరుగుతుంది, కాబట్టి దాని దారిన దాన్ని పాకనివ్వండి. ఉదయం ఎండ బాగా తగిలే చోటు మంచిది.

మొగ్గ ఆకుపచ్చగా తల వంచుకుని ఉంటుంది. విచ్చుకున్నాక ఆరు రేకులూ అంచులు మెలికలు తిరుగుతూ పైకి లేస్తాయి, పసుపు మీద ఎరుపు పాకుతూ కొన్ని రోజుల్లో పువ్వంతా ఎర్రబడుతుంది. కీలం, అంటే పువ్వులో పుప్పొడి అందుకునే కాడ మాత్రం మొదట్లోనే పక్కకి విరిచినట్టు వంగి, పుప్పొడి ఉండే కేసరాలకి దూరంగా ఉంటుంది. అందుకే తమిళనాడులో విత్తనం కోసం దీన్ని సాగు చేసే రైతులు పొద్దున్నే చేత్తో పుప్పొడి అద్దుతారు. మనకి పూలే కావాలి కాబట్టి ఆ పని అక్కర్లేదు.

నల్ల ఒంటి మీద తెల్ల, ఎర్ర చుక్కలున్న గొంగళిపురుగులు వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు, చూస్తుండగానే ఆకులు ఖాళీ చేసేస్తాయి. ఏరి పారేసి, సాయంత్రం వేపనూనె కొట్టండి.

పూలు అయ్యాక, చలికాలం మొదలయ్యేసరికి ఆకులు పండి తీగ మొత్తం ఎండిపోతుంది. చాలామంది చచ్చిపోయిందని కుండీ ఖాళీ చేసేది ఇప్పుడే. చావలేదు, నిద్రపోతోంది. నీళ్ళు పూర్తిగా ఆపేసి, వాన తగలని నీడలో కుండీని అలాగే ఉంచండి, మీద పేరు రాసి అంటించండి, లేకపోతే ఇంట్లో ఎవరో అందులో కొత్తిమీర చల్లేస్తారు. ఈలోగా పాత దుంప కరిగిపోయి దాని చోట కొత్తది తయారై ఉంటుంది. మేలో తవ్వి, కావాలంటే రెండు కొమ్ములు కలిసే చోట విడదీసి, గాయానికి బూడిద అద్ది, ఒక రోజు ఆరనిచ్చి వేరువేరు కుండీల్లో పెట్టుకోండి. ఒకటి ఎవరికైనా ఇస్తే, విషమని చెప్పి మరీ ఇవ్వండి.